బెట్టుడుతా, వేలాడే చిలుకా: తూర్పు కనుమల్లో ముందు దేన్ని వెతకాలి?

అడవిలో ఒక్క పూటే టైం ఉందా?

సైజు: బెట్టుడుత అనే పెద్ద అడవి ఉడుత తోకతో కలిపి దాదాపు మీటరు. వేలాడే చిలుక 14 సెంటీమీటర్లే.

ఖర్చు: ఉడుతకు కళ్లు చాలు. చిలుకకు బైనాక్యులర్ తప్పదు. దాని ఆకుపచ్చ ఒళ్లు ఆకుల్లో కలిసిపోతుంది, ఎగిరినప్పుడే నడుము మీది ఎరుపు తళుక్కుమంటుంది.

శ్రమ: ఉడుత కిందికి దిగడం అరుదు. కొమ్మల్లో పుల్లలు, ఆకులతో కట్టిన పెద్ద గూడు కనిపిస్తే అక్కడే ఆగండి. వెనక కాళ్లతో తలకిందులుగా వేలాడుతూ, ముందు కాళ్లతో కాయ పట్టుకుని తినడం చూసి తీరాల్సిందే! చిలుకైతే నిద్ర కూడా తలకిందులుగానే పోతుంది. దానికి తేనె ఇష్టం, పూసిన చెట్ల దగ్గరే కాపు కాయాలి.

రిస్క్: పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రెండింటికీ అంతే.

పిల్లలతో వెళ్తే నల్లమలలో బెట్టుడుత. ఓపికుంటే, బూరుగ పూసే రోజుల్లో అరకు దారిలోని అనంతగిరి వైపు చిలుక.