లేత ఆకులో ఒక్కో కణం ఏం చేస్తోంది: సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ నాలుగేళ్లు వాడాక

అరబిడాప్సిస్ ఆవాల కుటుంబపు చిన్న మొక్క. దాని లేత ఆకుల మీద నాలుగేళ్లుగా సింగిల్ సెల్ సీక్వెన్సింగ్, అంటే ఒక్కో కణంలోని ఆర్ఎన్ఏను విడివిడిగా చదివే పని చేస్తున్నాను. పనిచేస్తున్న జన్యువు నుంచి తయారయ్యేదే ఆర్ఎన్ఏ. ఆకంతా నూరి ఆర్ఎన్ఏ తీస్తే దాదాపు 27 వేల జన్యువుల సగటు మాత్రమే తెలుస్తుంది. ఏ జన్యువు ఏ కణంలో పనిచేస్తోందో తెలియాలంటే కణాల్ని విడదీయాల్సిందే.

మొదట ప్రోటోప్లాస్ట్‌లతో, అంటే గోడ తీసేసిన కణాలతో మొదలుపెట్టాను. సెల్యులేజ్, మాసిరోజైమ్ అనే ఎంజైమ్‌లు కలిపిన ద్రావణంలో లేత ఆకుల్ని సన్నగా తరిగి వేస్తే కణం గోడలు కరుగుతాయి. ముదురు ఆకులకైతే అడుగు పొరను టేపుతో లాగేస్తే పని త్వరగా అవుతుంది కానీ, ఆ పొరతో పాటే పత్రరంధ్రాలూ పోతాయి. నాకు కావాల్సింది అవే! ద్రావణంలో మానిటాల్ (చక్కెరలాంటి పదార్థం) తగ్గిందా, కణాలు నీళ్లు పీల్చుకుని పగిలిపోతాయి. మైక్రోస్కోప్‌లో చూస్తుండగానే గుండ్రని పచ్చటి కణం ఒకటి ఉబ్బి, ఠప్పున విచ్చుకుని, లోపలి హరితరేణువులు చెల్లాచెదురవుతాయి. అది చూసినప్పటి నుంచి కణాలు నలిగి పగలకుండా పిపెట్ టిప్ కొన కత్తిరించి, నెమ్మదిగా తీస్తున్నాను.

ఫలితం మాత్రం అద్భుతం. పత్రరంధ్రం తయారయ్యే వరుసలో స్పీచ్‌లెస్, మ్యూట్, ఫామా జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం మొదలుపెట్టడం నా సొంత డేటాలో చూసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఇక ఇబ్బందులు. పగిలిన కణాల ఆర్ఎన్ఏ ద్రావణంలో కలిసిపోయి, కిరణజన్య సంయోగక్రియ జన్యువులు బాహ్యచర్మ కణాల్లో కూడా కనిపిస్తాయి. ఈనెల్లోని కణాలు లోతుగా ఉంటాయి కాబట్టి చాలా తక్కువ బయటికొస్తాయి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంకొకటి. డేటాలో విడిగా కనిపించిన ఒక కణాల గుంపును కొత్త రకం కణాలనుకుని నెలన్నర దాని వెంటే తిరిగాను. ఎంజైమ్‌లో నానబెట్టిన ఆకునీ, నానబెట్టని ఆకునీ పక్కపక్కన సీక్వెన్స్ చేయిస్తే, ఆ గుంపును విడిగా చూపించినవన్నీ గాయానికి స్పందించే జన్యువులేనని తేలింది. మొదటి రోజే చేయాల్సిన కంట్రోల్ (పోలిక పరీక్ష) అది.

ఇప్పుడు ఈనెల కోసం కేంద్రకాలే తీస్తున్నాను. ఐసు మీద బ్లేడుతో తరిగి, వడకట్టి, రంగు వేసి వేరుచేస్తాం. ఎంజైమ్‌లో గంటల తరబడి నానబెట్టే పని లేదు, ఆ స్ట్రెస్ కూడా లేదు. ఒక్కో కేంద్రకంలో దొరికే ఆర్ఎన్ఏ తక్కువే, అయినా ఈనె కణాలు బాగా వస్తున్నాయి.

పత్రరంధ్రాలకు ప్రోటోప్లాస్ట్‌లు, ఈనెలకు కేంద్రకాలు తీసుకోమంటాను. సీక్వెన్సింగ్‌కి కావాల్సిన కిట్ ఖరీదు ఎక్కువ, అందుకే తెరిచే ముందు కనీసం నాలుగైదుసార్లు ఉత్త మైక్రోస్కోప్‌తోనే కణాలు విడదీసి, లెక్కపెట్టి చూసుకోండి.