ఉప్పు అన్న, కారం అన్న: పిల్లల్ని తీసుకుని కుస్కో, మచు పిచ్చు

జూన్ మొదట్లో పది రోజులు పెరూ వెళ్ళొచ్చాం. డల్లాస్ నుంచి నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పెద్దది, ఆరేళ్ళ చిన్నోడు, ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న అమ్మ. మచు పిచ్చు ఫొటోలు పెట్టేవాళ్ళు బోలెడుమంది గానీ, చిన్నపిల్లలు ఆ రాళ్ళ మధ్య ఏడవకుండా, ఫోన్ అడక్కుండా ఎలా తిరుగుతారో ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. మాకు పనికొచ్చింది ఒక్కటే. ఒకప్పుడు ఆ కొండల్ని ఏలిన ఇంకాల కథల్ని ఏ కథకి ఏ చోటు కుదురుతుందో అక్కడే కూర్చోబెట్టి నవ్వొచ్చేలా చెప్పడం. ముందురోజు హోటల్లో చెప్పేస్తే తెల్లారేసరికి మర్చిపోతారు.

ముందు ఎత్తు సంగతి. ఇంకాల పాత రాజధాని కుస్కో దాదాపు 3,400 మీటర్లు, అంత ఎత్తుకి ఒళ్ళు మెల్లగా అలవాటు పడాలి. దిగిన రోజే అక్కడ ఉండకుండా ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా కారులో కిందకి, ఓయాంటాయ్‌టాంబోకి వెళ్ళిపోయాం, అది 2,800 దగ్గర ఉంటుంది, రెండు గంటల ప్రయాణం. అమ్మకి ఆ సాయంత్రం కాస్త తలనొప్పి వచ్చింది గానీ పొద్దున్నకి తగ్గిపోయింది. పెద్దవాళ్ళకి కోకా ఆకు టీ ఇస్తారు, పిల్లలకి మున్యా అనే ఆకుతో కాచిన నీళ్ళు ఇచ్చారు, పుదీనా వాసన, మా చిన్నోడికి తెగ నచ్చింది.

అక్కడ మూడు రాత్రులు ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్‌కి బ్రెడ్డు, గుడ్లు, పళ్ళు, క్వినోవా జావ. కానీ హీటర్ లేదు, జూన్ అంటే వాళ్ళకి చలికాలం, రాత్రి నాలుగేసి దుప్పట్లు కప్పుకున్నాం, కాబట్టి బుక్ చేసేముందు హీటర్ ఉందా, వేణ్ణీళ్ళు రోజంతా వస్తాయా అని కచ్చితంగా అడగండి. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే ఉంటా. ఎందుకంటే ఊళ్ళో నిలబడి తలెత్తితే పింకుయ్యునా కొండ మీద గడ్డం ఉన్న ముసలాయన మొహంలా ఒక రాయి కనిపిస్తుంది. సృష్టి చేసిన దేవుడు వీరకోచా మొహమో, ఆయన పంపిన దూతదో అంటారు.

ఆయన కథతోనే మొదలెట్టాం. ఈ కథ నిజానికి లిమా వైపు కొండల్లోని వారోచిరి అనే చోటిది, 1600ల మొదట్లో అక్కడివాళ్ళ కెచువా భాషలో రాసిపెట్టారు. కునిరాయా వీరకోచా చిరుగు బట్టల బిచ్చగాడి వేషంలో తిరుగుతూ, తన్ని చూసి పారిపోయిన దేవకన్యని వెతుక్కుంటూ పోతాడు. దారిలో ఎదురైన ప్రతి జంతువునీ ఎంత దూరంలో ఉందని అడుగుతాడు. "దగ్గర్లోనే ఉందయ్యా, దొరికేస్తుంది" అన్న కాండోర్ అనే పెద్ద రాబందుకి వరం. "ఇంకెక్కడ, నీకు దొరకదు" అన్న స్కంక్‌కి కంపు కొట్టు పొమ్మని శాపం. అంతే, మావాళ్ళకి ఆట దొరికింది. ఓయాంటాయ్‌టాంబో కోట మెట్లు రెండొందల పైనే, అమ్మకి ఆయాసం, పిల్లలకి విసుగు. చిన్నోడు ప్రతి పది మెట్లకీ "అమ్మమ్మా, ఇంకెంత దూరం?" అంటాడు, "దగ్గరేరా నాన్నా" అంటుంది అమ్మ. ఒకసారి మా ఆయన పొరపాటున "చాలా ఉంది" అన్నాడు, ఇద్దరూ ముక్కులు మూసుకుని పరిగెత్తారు. అలా పైదాకా ఎక్కేశాం.

మర్నాడు మారస్ ఉప్పుమడులు. లోయ పక్కన మెట్లు మెట్లుగా మూడు వేలకి పైగా మడులు, తెల్లగా, గులాబీగా, పైనుంచి సన్నటి ఉప్పునీటి కాలవ ఒకటి వాటన్నిటికీ పారుతుంటుంది. దీని టికెట్ విడిగా కొనాలి, కుస్కో చుట్టుపక్కల చోట్లకి పనికొచ్చే బొలెటో టూరిస్టికోలో రాదు. ఆ బొలెటో మేం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి 130 సోల్స్ (పెరూ డబ్బు), పది రోజులు, పదహారు చోట్లు. నాలుగైదు చూసినా గిట్టుబాటే.

ఇక్కడ ఆయార్ అన్నదమ్ముల కథ. గుహలోంచి నలుగురు అన్నదమ్ములు, నలుగురు అక్కచెల్లెళ్ళు బయటికొస్తారు, ఉండటానికి మంచి నేల వెతుక్కుంటూ. ఒకడి పేరు ఆయార్ కాచి, ఒకడి పేరు ఆయార్ ఉచు. కెచువాలో కాచి అంటే ఉప్పు, ఉచు అంటే మిరపకాయ! అమ్మ వెంటనే "ఉప్పూ కారం సరే, చింతపండు ఏదే?" అంది, పిల్లలు పడీ పడీ నవ్వారు. ఈ ఉప్పన్న మహా బలవంతుడు, వడిసెలతో రాయి విసిరితే కొండలు లోయలైపోతాయి. మిగతావాళ్ళకి భయం పుట్టి "బంగారు చెంబులు గుహలో మర్చిపోయాం, తెచ్చిపెట్టవా" అని పంపించి, లోపలికెళ్ళగానే రాయి అడ్డం పెట్టించేస్తారు. మా పెద్దది చాలాసేపు ఆలోచించి, "లోపల ఏడుస్తున్నాడేమో, అందుకే నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి" అంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, కానీ నాకు ఈ ట్రిప్ మొత్తానికి అదే నచ్చింది.

కారం అన్న తర్వాత రాయైపోతాడు, చివరికి అన్నదమ్ముల్లో మాంకో ఒక్కడే మిగిలి అక్కచెల్లెళ్ళతో కుస్కో చేరతాడు, చేతిలో బంగారు కర్ర, అది ఎక్కడ నేలలో దిగిపోతే అక్కడే ఊరు. దీంతో చిన్నోడు కుస్కోలో గొడుగు పట్టుకుని ఊరి మధ్య చౌక్, ప్లాసా దె ఆర్మాస్ తోటలో ప్రతి పాదులోనూ పొడిచి చూశాడు, తోటమాలి కేకేసేదాకా.

గైడ్ల గురించి కచ్చితంగా చెప్పాలి. కుస్కోలో పెట్టుకున్న ఒకాయన మూడు గంటలు రాజుల పేర్లు, సంవత్సరాలు చెప్పుకుంటూ పోయాడు, పిల్లలు గోడకి జారబడి కూర్చున్నారు, డబ్బులు దండగ. పిసాక్ అనే ఊళ్ళో కెచువా మాట్లాడే ఒకావిడ దొరికింది, పిడుగుల దేవుడు ఇల్లాపా వడిసెలతో చెల్లెలి కుండ పగలగొడితేనే వాన పడుతుందని చేతులు ఊపి మరీ చెప్పింది. మా పెద్దది "చెల్లెలు అమ్మకి చెప్పలేదా?" అంటే ఆవిడ కూడా పగలబడి నవ్వింది. మీరూ ముందే మాట్లాడి, పిల్లలకి కథలు చెప్తారా అని అడిగి పెట్టుకోండి.

ఆవిడే మధ్యాహ్నం ఊదా మొక్కజొన్నతో చేసిన చిచా మొరాదా తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద పోసింది, పచమామకి, అంటే భూమాతకి. చిన్నోడు కిసుక్కున నవ్వాడు. ఇక్కడ మాత్రం ఆపి చెప్పాను. వినాయకుడి బొజ్జ కథకి మనం నవ్వుతాం కదా, కానీ పూజ చేసేవాళ్ళని చూసి నవ్వం, ఇదీ అంతే, వాళ్ళు ఇవాళ్టికీ నమ్మి చేస్తున్నది అని. తర్వాతి గ్లాసుకి వాడే పోశాడు, కాస్త ఎక్కువే పోశాడు.

మచు పిచ్చు గురించి ఎక్కువ చెప్పను. రైలు ఓయాంటాయ్‌టాంబో నుంచి గంటన్నర పైన, రైలు దిగిన చోటి నుంచి పైకి బస్సు అరగంట. లోపల బాత్రూంలు లేవు, గేటు దగ్గరే పిల్లల్ని తీసుకెళ్ళండి. టికెట్ సర్క్యూట్‌ని బట్టి దారి మారుతుంది, ఇంతివతానా రాయి అన్ని దార్లలోనూ రాదు, చూసి కొనుక్కోండి. ఆ పేరుకి సూర్యుణ్ణి కట్టేసే గుంజ అని అర్థం చెప్తారు. జూన్‌లో అక్కడ పగలు చిన్నదవుతుంది కదా, సూర్యుడు ఇంతి అలిగి దూరంగా పోతుంటే గేదెని కట్టేసినట్టు కట్టేస్తారన్నమాట. "తాడు కాలిపోదా?" అని చిన్నోడు, జవాబు నా దగ్గర లేదు.

కుస్కోలో పిల్లలకి అన్నిటికన్నా నచ్చింది సాక్సైవామన్ అనే ఇంకాల కోట. పెద్ద పెద్ద రాళ్ళ గోడల ఎదురుగా నున్నటి జారుడుబండలు ఉంటాయి, గంటసేపు జారారు, ప్యాంట్లు చిరిగాయి. కొరికాంచా అనే ఇంకాల సూర్యుడి గుడికి టికెట్ కూడా విడిగానే. ఆ గుడి మీద స్పెయిన్ వాళ్ళు చర్చి కట్టారు, 1950 భూకంపానికి చర్చి దెబ్బతింటే కింద ఇంకాల గోడలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. జూన్ 24న ఇంతి రైమి అనే సూర్యుడి పండగ, సందడి మాత్రం ముందునుంచే మొదలు, మేం ఉన్నప్పుడే వీధుల్లో ఊరేగింపులు, డప్పులు, ఉచితంగా చూసేశాం. పండగ రోజుల్లో గదుల రేట్లు బాగా పెరుగుతాయని చెప్పారు.

శాకాహారం గురించి భయపడొద్దు, బంగాళాదుంపలు, మొక్కజొన్న కంకితో చీజ్, క్వినోవా సూపు, అమ్మ పచ్చడి సీసా సగం కూడా అవ్వలేదు. తితికాకా సరస్సు మాత్రం వదిలేశాం, 3,800 మీటర్లు, రోజంతా బస్సు, అమ్మతో వద్దనుకున్నాం. అమ్మకి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఆరు నెలలకి పైగా గడువున్న అమెరికా వీసా ఉంది కాబట్టి పెరూ వీసా విడిగా అక్కర్లేకపోయింది, మీరు వెళ్ళేముందు రూల్స్ మళ్ళీ చూసుకోండి.

ఇంటికొచ్చాక అమ్మ మారస్ ఉప్పు ప్యాకెట్ విప్పి డబ్బాలో పోస్తుంటే మా పెద్దది పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, మూత గట్టిగా పెట్టకు, కాచి అన్నకి గాలి ఆడాలి" అంది. ఇప్పుడు మా వంటింట్లో ఆ డబ్బాకి మూత ఓరగానే ఉంటుంది.