కరోనా రోజుల్లో మనిషి అదుపు తప్పితే ఏది మేలు: క్యాజువాల్టీయా, క్లినిక్కా, ఫోనా?

కరోనా ముదిరిన రోజుల్లో తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి పేరు చెబితేనే జనం జంకారు. 2021 మే 10 రాత్రి అక్కడ ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులు ప్రకటించాక ఆ జంకు ఇంకా పెరిగింది. ఇంట్లో ఒకరు ప్రాణం తీసుకోబోయినా, కొడవలి పట్టుకుని మీదికొచ్చినా ‘క్యాజువాల్టీకి (ఆసుపత్రి అత్యవసర విభాగానికి) మాత్రం వద్దు’ అన్నవాళ్లున్నారు. నన్నడిగితే, తొలిరోజుకు క్యాజువాల్టీని మించిన దారి లేదు.

ఆ పూట ముందు కావలసింది మనసు డాక్టరు కాదు. పురుగుమందు తాగినవాళ్లకు ఊపిరి నిలబెట్టాలి, కోసుకున్నవాళ్లకు రక్తం ఆపాలి. కొట్టబోయే మనిషికైతే వేలికి ఆక్సీమీటర్ తగిలించాలి, షుగర్ చూడాలి. నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రాత్రికి రాత్రి సొంత కొడుకునే గుర్తుపట్టక తిరగబడితే అది మనోవ్యాధేనని తేల్చేయకూడదు. ఆక్సిజన్ పడిపోయినా, ఒంట్లో సోడియం తగ్గినా అలాగే అవుతుంది. కోవిడ్‌కు వాడిన డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కూడా కొందరి మతి చలింపజేస్తాయి.

తాగుడు సంగతి మరీ ముఖ్యం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడితే మద్యం దుకాణాలు మళ్లీ తెరిచింది మే 4న. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా మందు ఆగితే మొదట వణుకు, ఫిట్స్; రెండు మూడు రోజులకు లేని మనుషులు కనబడడం, వాళ్ల మీదికి ఉరకడం. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించారు కొన్నిచోట్ల. అది ప్రాణాల మీదికొచ్చే జబ్బు. థయమిన్ (బి1 విటమిన్) సూది, వణుకూ ఫిట్సూ అణిచే లోరాజెపామ్ లాంటి మందు, ఎవరో ఒకరు పక్కనుండి కనిపెట్టుకోవడం కావాలి.

తెలిసిన డాక్టరు క్లినిక్‌లో రద్దీ ఉండదు, గుట్టు బయటపడదు, పాత చరిత్ర ఆయనకు తెలుసు. ఇదివరకే మందులు వాడుతున్న మనిషికి నిద్ర తగ్గి చిరాకు మొదలైనప్పుడు అదే మేలు. కానీ అక్కడ వెంటిలేటర్ ఉండదు, లాక్‌డౌన్‌లో చాలా ఓపీలు మూతపడ్డాయి కూడా.

ఫోన్ విషయంలో నాకు రెండు మాటలున్నాయి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు అత్యవసరంలో డాక్టరు ఫోన్‌లో ప్రథమచికిత్స చెప్పి, వెంటనే ఆసుపత్రికి పంపాలనే అంటాయి. వీడియోలో డాక్టరు ముఖం చూస్తాడు గానీ ఆక్సిజన్ కొలవలేడు. డిశ్చార్జి తర్వాత మాత్రం ఫోన్‌కు సాటి లేదు.

పెద్ద మానసిక ఆసుపత్రికే పోదామంటే తిరుపతి నుంచి విశాఖ ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. చిత్తూరు వాళ్లకు తమిళనాడులోని వేలూరు దగ్గర, కానీ 2020 ఏప్రిల్‌లో సరిహద్దు రోడ్డుకు అడ్డంగా గోడే కట్టేశారు, తర్వాత కూల్చారనుకోండి. అసలు అంత దూరం ముందే పరుగెత్తక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణాపాయంలోనో తనకూ ఇతరులకూ హాని చేసే స్థితిలోనో ఉన్నవారికి రిజిస్టరైన ఏ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. కరెంటు షాక్ చికిత్స మాత్రం ఈ నిబంధన కింద కుదరదు.

క్యాజువాల్టీకి లోట్లు లేవనను. ఆ రోజుల్లో కోవిడ్ పరీక్ష ఫలితం వచ్చేదాకా కూర్చోబెట్టేవారు. అసలే అందరినీ అనుమానించే మనిషి చుట్టూ తెల్ల సూట్లలో, కళ్లు తప్ప ఏమీ కనబడని వాళ్లు మూగితే భయం ఇంకా పెరిగేది. పేరు చెప్పి, తొందరపడకుండా మాట్లాడే సిస్టర్ ఒకరుంటే సగం గొడవ తగ్గుతుంది. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లకు ఒక మాట: ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసుల చీటీ) రాయడం రికార్డు కోసం. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదని అదే చట్టంలోని 115వ సెక్షన్.

అన్నిటికంటే చెడ్డది గదిలో పడేసి కట్టేయడం. గొలుసులు చట్టం ఒప్పుకోదు. బోర్లా పడేసి పట్టుకుంటే ఊపిరి అందక పోవచ్చు, కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకైతే మరీ.

108లో ఎక్కేటప్పుడు పాత చీటీలు, మాత్రల అట్టలు, తాగిన పురుగుమందు డబ్బా పట్టుకెళ్లండి. ఇంటి దగ్గర ఉప్పునీళ్లతో వాంతి చేయించొద్దు. డ్యూటీ డాక్టరు మొదట అడిగేవి ఇవే: “ఏం తాగినాడమ్మా? డబ్బా తెచ్చినారా? ఎంతసేపయింది?”

ఇంటికొచ్చాక తొలి వారాలే ఎక్కువ ప్రమాదం. పురుగుమందు ఇంట్లో ఉంచొద్దు, మాత్రలు కొద్దికొద్దిగా తెచ్చి ఇంకొకరి దగ్గర పెట్టండి. మనసు బాగోలేనివాళ్ల కోసం 2020 సెప్టెంబరులో కిరణ్ హెల్ప్‌లైన్ వచ్చింది. 2022 అక్టోబరు నుంచి అదే పనికి ప్రభుత్వ టెలిమానస్ ఉంది, 14416కు రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.