విశాఖ నుంచి తవాంగ్: 1914 నాటి సరిహద్దు గీత వెంట

వైజాగ్‌లో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండా గువాహటిలో దిగొచ్చు. కన్యాకుమారి నుంచి వచ్చే బండి, ఆలస్యం మామూలే. దిగిన రోజే కొండెక్కే సుమో మాట్లాడుకోకండి. తవాంగ్ ఉన్న అరుణాచల్‌ప్రదేశ్‌లోకి వెళ్లేందుకు కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే తీసి, రెండు ప్రింట్లు దగ్గరుంచుకోండి.

తవాంగ్ దారిలో తొలి రాత్రి బసకు బొమ్డిలా కన్నా దిరాంగ్ మేలు. బొమ్డిలా ఎనిమిది వేల అడుగులు, దిరాంగ్ అయిదు వేలే. సముద్రం ఒడ్డు నుంచి వెళ్లేవాళ్లకు ఆ తేడా నిద్రలో తెలుస్తుంది. హోమ్‌స్టేలో గీజరుందా అని కాదు, కరెంటు పోతే బకెట్ వేడినీళ్లిస్తారా అని అడగండి. థుక్పా (నూడుల్స్ సూప్) పడనివాళ్లు ఆవకాయ వెంట తీసుకెళ్లడం మంచిది.

దిరాంగ్ దాటాక వచ్చే సేలా కనుమ కింద 2024 మార్చిలో సొరంగం తెరిచారు, ప్రయాణం తేలికైంది. అయినా మంచు లేకపోతే 13,700 అడుగుల పాత కనుమ మీదుగానే పోనిమ్మని డ్రైవరుకు ముందే చెప్పండి. 1962 నవంబరులో మన సేన సేలాను పట్టుకుని ఉండగానే, చైనా దళాలు కాలిబాటన చుట్టి వచ్చి వెనక బొమ్డిలా రోడ్డును తెంచేశాయి. ఆ లోయలు చూస్తే అదెలా సాధ్యమైందో అర్థమవుతుంది.

అసలు తగువు అంతకన్నా పాతది. 1914లో సిమ్లా సమావేశం సాగుతుండగా, బ్రిటిష్ ఇండియా ప్రతినిధి మెక్‌మహాన్, టిబెట్ ప్రతినిధి లోంచెన్ షాత్రా ఢిల్లీలో భారత్-టిబెట్ సరిహద్దు గీతకు ఒప్పుకున్నారు. సంతకం చేసే హక్కు టిబెట్‌కు లేదంది చైనా. పటం అంగుళానికి ఎనిమిది మైళ్లది. దాని మీద లావుపాటి కలం గీత! థాగ్‌లా కొండ శ్రేణి ఎటువైపన్న పేచీకి అదే మూలం. పటంలో గీత ఆ శ్రేణికి దక్షిణాన ఉంది, మనం మాత్రం నీళ్లు రెండు వైపులకూ విడిపోయే ఆ శ్రేణే హద్దన్నాం. 1962 జూన్‌లో అక్కడ ధోలా పోస్టు పెట్టాం, అక్టోబరు 20న యుద్ధం మొదలైంది.

తవాంగ్ 1951 ఫిబ్రవరి దాకా టిబెట్ రాజధాని లాసాకు పన్ను కట్టింది. భారత అధికారి మేజర్ ఖాథింగ్ వెళ్లాకే మన పాలన నిలబడింది. చైనా ఇప్పటికీ తవాంగ్‌ను అడిగేది ఈ లాసా బంధాన్ని చూపించే. అందుకే ఆరో దలైలామా పుట్టిన ఉర్గెలింగ్ చిన్న గుడే అయినా వదలొద్దు. టూర్ ప్యాకేజీల్లో తరచూ ఉండదు, అడిగి చేర్పించుకోండి.

చైనా సరిహద్దులోని 15,200 అడుగుల బుమ్‌లా కనుమకు విడిగా అనుమతి, స్థానిక బండి కావాలి. తవాంగ్ చేరిన మర్నాడే పెట్టుకుంటే తలనొప్పి, వాంతులతోనే సరిపోతుంది. ఒక రోజు ఆగి వెళ్లండి. గుండె జబ్బున్నవాళ్లు మానుకుని, 2,420 పేర్లు చెక్కిన యుద్ధ స్మారకానికి ఆ పూట కేటాయించడం మంచిది.