637 డాలర్ల వీల్ కవర్: మా మోటార్‌హోమ్ యాత్ర

"బాబూ, ఈ రేకు గొట్టాన్ని తింటోంది. వాళ్లకి చెప్పండి" అన్నారు మా మామయ్యగారు, లాస్ వేగాస్‌లో అద్దె మోటార్‌హోమ్‌ల (వంటగది, పడకలు, బాత్రూము ఉన్న ఇల్లులాంటి బండ్లు) యార్డులో మోకాళ్ల మీద కూర్చుని, చక్రం మీది కవర్ చూపిస్తూ. మా వెనక ఇంకో నాలుగు కుటుంబాలు తాళాల కోసం నిలబడి ఉన్నాయి. నేను మొహమాటపడి, అక్కడున్న కుర్రాడిని "టైర్లు చెక్ చేశారా?" అని మాత్రం అడిగాను. "అన్నీ 80 పీఎస్ఐ ఉన్నాయి" అని వాడు తల కూడా ఎత్తకుండా చెప్పాడు (పీఎస్ఐ అంటే టైరులో గాలి ఒత్తిడి కొలత). మామయ్యగారి మాట మొత్తం వాడికి చెప్పి ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

మామయ్యగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. 2024 మేలో అత్తయ్యగారితో కలిసి నరసరావుపేట నుంచి డాలస్‌లో మా ఇంటికి వచ్చారు. ఊరికే కూర్చోలేని మనిషి కదా, కాన్యన్లన్నీ (లోతైన రాతి లోయలు) చూపిద్దామని ఈ ప్లాన్ వేశాం. ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన 28 అడుగుల బండి తీసుకున్నాం. ఆరు రాత్రులకు రాత్రికి 179 డాలర్ల చొప్పున 1,074. మైలుకు 45 సెంట్లు వేరే. గిన్నెలు, దుప్పట్లు, శుభ్రం చేసే ఖర్చు కలిపి 125. బండి గ్యాలన్‌కు 8 మైళ్లు దాటలేదు. మొత్తం 914 మైళ్లకు పెట్రోలు 462 డాలర్లు తాగింది. మోటల్ గదులూ అద్దె కారూ అయితే ఇంతకంటే తక్కువే అయ్యేది. కానీ అమెరికా మోటల్లో అత్తయ్యగారు మూడో రోజుకు ఏం తింటారు?

అసలు ఆ రేకు సంగతి చెప్పాలి. ఈ బండ్లకు ఉండేవి మామూలు ఇనుప రిమ్ములు. అవి అందంగా కనబడాలని పైన మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ కవర్లు బిగిస్తారు. వెనక ఒక్కో పక్క మన బస్సుల్లాగే జోడు టైర్లు. బయటి టైరు వాల్వు లోపలికి తిరిగి ఉంటుంది, లోపలి టైరు వాల్వు ఎక్కడో లోతున ఉంటుంది. చెయ్యి అందదు కాబట్టి రెండింటికీ అల్లిక తీగ చుట్టిన సన్నని గొట్టాలు తగిలించి, వాటి కొసలు కవర్ రంధ్రాల దగ్గరికి తెస్తారు. కవర్ ఏ కాస్త పక్కకు బిగించినా రంధ్రం అంచు గొట్టానికి ఒరుసుకుంటుంది. కుడి వెనక చక్రం మీద మామయ్యగారు చూపించింది అదే. అంచు మీద వేలెడు పొడవున తళతళలాడే గీత, దాని కింద కాటుకలా నల్లటి రబ్బరు పొడి.

సెయింట్ జార్జ్‌లో సరుకుల కోసం ఆగినప్పుడు టైరు గాలి కొలిచే గేజ్ కొనమని మామయ్యగారు పట్టుబట్టారు. నేను కార్లకు వాడే చిన్న గేజ్ తీసుకుంటే చూసి పక్కన పెట్టేశారు. అది 60 దాకానే చూపిస్తుంది, మన టైరుకు 80 కావాలి. లారీలకు వాడే రెండు తలల గేజ్ 22 డాలర్లు. అప్పటికి లోపలి కుడి టైరు 78. "చూశారా, బాగానే ఉంది" అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

జయన్ (Zion) నేషనల్ పార్కులో వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. కరెంటు ఉన్న సైట్ (బండి నిలిపే చోటు) దొరికితే వదలకండి. అక్కడ జనరేటర్ వేయనివ్వరు, కరెంటు లేకపోతే ఏసీ లేనట్టే. కాన్యన్ లోపలికి ఉచిత బస్సు ఉంది. మూడు పార్కులకు విడివిడిగా 35 చొప్పున కట్టే బదులు 80 డాలర్ల ఏడాది పాసు కొన్నాం. జయన్ నుంచి బయటికి వెళ్లే దారిలో 1930లో తెరిచిన సొరంగం ఒకటి ఉంది, పొడవు 1.1 మైళ్లు. మన బండి పెద్దది కాబట్టి 15 డాలర్లు కడితే ఎదురు వచ్చేవాళ్లను ఆపి మనల్ని నడిమధ్యలో పంపించారు. మామయ్యగారికి యాత్ర మొత్తంలో బాగా నచ్చింది అదే. "మనకోసం రోడ్డు ఆపారు!" అని అందరికీ ఫోన్లు చేసి చెప్పారు. పెద్ద బండ్లను 2026 నుంచి ఆ దారిలోకే రానివ్వబోమని పార్కువాళ్లు ప్రకటించారు, చూసుకుని వెళ్లండి.

బ్రైస్ కాన్యన్ బాగుంది, చలి మాత్రం ఎక్కువ. అక్కడే మొదటిసారి మురుగు ట్యాంకు ఖాళీ చేశాం. నేను గ్లౌజులు వేసుకుని పైపు పట్టుకుంటే అత్తయ్యగారు ముక్కు మూసుకుని దూరంగా నిలబడ్డారు. "డబ్బులిచ్చి మరీ మన మురికి మనమే మోసుకు తిరగడమా?" దీనికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు.

ఆ పొద్దున్నే గేజ్ 71 చూపించింది. చలికి గాలి తగ్గుతుందని నేను సైన్సు చెప్పబోయాను. "మరి మిగతా మూడూ ఎందుకు తగ్గలేదు బాబూ?" అన్నారు మామయ్యగారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు రాయలేను. కానాబ్ అనే ఊళ్లో లారీలకు గాలి కొట్టే చోట ఆపి (మామూలు పెట్రోలు బంకు పంపుతో అంత ప్రెషర్ ఎక్కదు) 80కి నింపి, పని అయిపోయిందనుకుని పేజ్ అనే ఊరి దారి పట్టాం.

89వ నంబరు రోడ్డు మీద కానాబ్ నుంచి పేజ్‌కు 75 మైళ్లు. మధ్యలో ఎర్రమట్టి కొండలు తప్ప ఏమీ ఉండదు. టోడ్‌స్టూల్ రాళ్ల దగ్గర పార్కింగ్ కనబడితే టీ కోసం ఆగాం. మామయ్యగారు అత్తయ్యగారి అప్పడాల కర్ర పట్టుకుని దిగారు. ఆవిడ లోపలి నుంచి అరుస్తూనే ఉన్నారు. డిపోలో వీల్ స్పానర్‌తో టైర్లు కొట్టి చూసేవారట, ఇక్కడ కర్ర. ఎడమ వైపు రెండూ 'టంగ్' మన్నాయి. కుడి బయటిది కూడా అంతే. లోపలిది 'దబ్' అంది, తడిసిన దిండును కొట్టినట్టు. గేజ్ పెడితే 31.

బండి నడిపిన నాకు ఏమీ తెలియలేదు. జోడు టైర్లతో వచ్చే చిక్కే ఇది. లోపలిది చచ్చిపోయినా బయటిది బరువు మోస్తూ పోతుంది, స్టీరింగులో తేడా రాదు. మోయలేక అదీ పేలుతుంది, లేదా గాలి లేని టైరు వేడెక్కి అంటుకుంటుంది. టైరు కాలిపోయిన బస్సులు తను చూశానని మామయ్యగారు చెబుతుంటే మా ఎనిమిదేళ్లవాడు కళ్లప్పగించి విన్నాడు. మా ఆవిడ వాణ్ణి లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది.

అద్దె బండిలో స్టెప్నీ లేదు. వేగాస్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్ సిగ్నల్ కోసం రోడ్డు పక్కన కొంత దూరం నడిచాను. కంపెనీ హెల్ప్‌లైన్ 35 నిమిషాలు సంగీతం వినిపించి, "టైర్లు ఇన్సూరెన్సులో లేవు, ముందు మీరే డబ్బు కట్టండి" అంది. మెకానిక్ రావడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. ఇల్లు వెంటే ఉంది కాబట్టి ఉప్మా చేసుకుని తిన్నాం. మోటార్‌హోమ్ అద్దెకు తీసుకున్నందుకు ఆ ఒక్క పూటే సంతోషించాను.

కానాబ్ నుంచి వచ్చిన పెద్దాయన రేకు విప్పగానే మామయ్యగారు ఆయన పక్కన చేరిపోయారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా మధ్యలో నా అవసరం పడలేదు. సబ్బునీళ్లు చల్లి గొట్టాన్ని వేలితో అటూ ఇటూ ఆడిస్తే వాల్వు మొదట్లో బుడగలు పొంగాయి. రబ్బరు సగం చుట్టూ చీలి ఉంది. ఎవరో అంతకుముందు టైరు పని చేసి, కవర్‌ను రంధ్రాలు సరిగా కలవకుండా బిగించారు. గొట్టం ఒక పక్కకు లాగబడి, చక్రం తిరిగినప్పుడల్లా వాల్వును కుదుపుతోంది. ఈ సైజు టైరు మైలుకు 700 సార్లకు పైగా తిరుగుతుంది. వేగాస్ నుంచి అక్కడికి లెక్కేస్తే రెండున్నర లక్షల కుదుపులు. మిగిలింది నేను కానాబ్‌లో గొట్టం కొసను గట్టిగా నొక్కి గాలి కొట్టి పూర్తిచేశాను.

రబ్బరు వాల్వుల్లో మామూలువి 65 పీఎస్ఐకి మించి పనికిరావట. ఎక్కువ ప్రెషర్ తట్టుకునే రకం ఉన్నా, దానికి గొట్టం తగిలించి బరువు పెంచితే రబ్బరు ఊగుతూనే ఉంటుంది. ఆయన ఆ చక్రాలకు నట్టుతో బిగించే లోహపు వాల్వులు వేశాడు. గాలి లేకుండా తిరిగిన టైరు లోపల అరిగిపోయిందని చూపించి కొత్తది వేశాడు. కవర్లు తిరిగి బిగించాలా అని అడిగితే, బిగించేటట్టయితే వాల్వు రంధ్రం నడిమధ్యకు రావాలి, అంచుకు రబ్బరు వాషర్ ఉండాలి అన్నాడు. వాషర్లు ఆ రోజు ఆయన దగ్గర లేవు. "మా బస్సులకు ఈ రేకులు ఉన్నాయా?" అన్నారు మామయ్యగారు. దాంతో నాలుగు కవర్లూ విప్పించి షవర్‌లో పెట్టేశాం. మిగిలిన రోజులు ఎవరూ స్నానం చేయలేదు, క్యాంపుల్లో బాత్రూములు ఉన్నాయి.

బిల్లు: వచ్చినందుకు 175, టైరు 218, రెండు వాల్వులు 44, కూలి 60. మొత్తం 497.

విప్పినప్పుడు చూస్తే ముందు చక్రాల కథ వేరే. ఆ కవర్లు క్లిప్పులతో పట్టుకుని ఉంటాయి. బ్రేకు వేసినప్పుడల్లా కొంచెం కొంచెం జరుగుతూ వాల్వును తమతోపాటు ఈడుస్తాయి. ఎడమ ముందు వాల్వు అప్పటికే ఏటవాలుగా ఉంది. మీరు బండి తీసుకునేటప్పుడు ముందు చక్రం వాల్వు నిటారుగా లేకపోతే తాళాలు తీసుకోకండి. సొంత బండి ఉన్నవాళ్లు ప్రెషర్ చూపించే సెన్సర్ మూతలు తగిలిస్తారు, అవీ బరువే, లోహపు వాల్వు వేయించకుండా పెట్టకూడదు.

పేజ్‌లో వావీప్ క్యాంప్‌గ్రౌండ్‌కు చీకటి పడ్డాక చేరాం. ఆరిజోనా టైము యూటా టైము కంటే గంట వెనక ఉండటంతో మర్నాటి యాంటెలోప్ కాన్యన్ టూర్ తప్పిపోలేదు. గ్రాండ్ కాన్యన్‌లో ట్రైలర్ విలేజ్‌లో నీళ్లు, కరెంటు, మురుగు పైపు అన్నీ సైట్‌లోనే ఉన్నాయి, పొద్దున్నే కిటికీ పక్కన పెద్ద జింకలు. అత్తయ్యగారు మొదటిసారి "బాగుంది" అన్నారు.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు కవర్లూ తీసి యార్డులో వరసగా పెట్టాను. కుర్రాడు వాటి మీద గీతలు వెతికి డిపాజిట్లోంచి 140 పట్టుకున్నాడు, ముందటి 497తో కలిపి 637. టైరు బిల్లు చూపిస్తే "టైర్లు కస్టమర్ బాధ్యత" అన్నాడు. చీలిన వాల్వు ఫోటో చూపిస్తే మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టమన్నాడు. పెట్టాను. మొదటి రోజు బండి చుట్టూ తీసిన వీడియోలో ఆ తళతళలాడే గీత కనబడింది, మామయ్యగారి వేలితో సహా. అది పంపాక 140, మెకానిక్ వచ్చిన ఖర్చు 175 వెనక్కి ఇచ్చారు. మిగతా 322 కోసం క్రెడిట్ కార్డువాళ్లకు ఫిర్యాదు చేశాను.

ఆదివారం వీడియో కాల్‌లో మామయ్యగారు మనవడి కంటే ముందు అదే అడుగుతారు: "ఆ మూడొందల ఇరవై రెండు వచ్చాయా బాబూ?"