విశాఖ ఎంవీపీ కాలనీలో మేడమీది కోర్ క్లాసు: 14 వారాలు వెళ్లాక

నేను పోర్టులో కంటైనర్లు ఎత్తే క్రేన్ నడుపుతాను. క్యాబిన్ పైన ఎక్కడో ఉంటుంది, కాళ్ల కింద అద్దం. డబ్బా లారీ మీద సరిగ్గా కూర్చోవాలంటే ముందుకు వంగి ఆ అద్దంలోంచి కిందికి చూస్తూ ఉండాలి. షిఫ్టంతా అదే పని, 11 ఏళ్లుగా. నిరుడు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణలో సగం దూరం దాటాక నడుం పట్టేసింది. ఎవరిదో ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చున్నాను. మా అమ్మాయి నీళ్లు తెచ్చి ఇస్తూ నా మొహంలోకి చూసిన చూపు ఇంకా గుర్తుంది. పొట్ట, నడుం కండల్ని గట్టిపరిచే ఈ కోర్ క్లాసులో చేరడానికి అసలు కారణం అది. పొట్ట మీద గీతలు కనబడాలన్న కోరికా ఉంది, దాచను.

అంతకుముందు 8 నెలలు వేరే జిమ్‌కి వెళ్లాను. అక్కడ పొట్ట తగ్గాలంటే ఒకటే మందు: రోజూ 100 సిటప్స్. పాదాలు కడ్డీ కింద ఇరికించి చేయించేవారు. మొదటి నెల కడుపు నొప్పెట్టింది, తర్వాత అదీ లేదు. 100 చేసినా మామూలుగానే ఉండేది. నడుం నొప్పి మాత్రం పెరిగింది. ఎందుకో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. పాదాలు బిగించి లేస్తే పనిలో పెద్ద వాటా తొడని పైకి లాగే కండలదే అవుతుంది. వాటిలో ముఖ్యమైనది వెన్ను కింది ఎముకలనే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి లేచిన ప్రతిసారీ నడుముని లాగుతుంది. పైగా ఏ కండకైనా ఒకటే బరువు, ఒకటే కదలిక నెలల తరబడి ఇస్తే అలవాటు పడిపోయి పెరగడం ఆపేస్తుంది.

క్లాసు రైతు బజార్ నుంచి నడిచి వెళ్లే దూరంలో, ఒక పాత మేడ రెండో అంతస్తు పైన రేకుల షెడ్డులో జరుగుతుంది. పొద్దున 6కి ఒక బ్యాచ్, రాత్రి 7:30కి ఒకటి. బ్యాచ్‌కి పది మందే. నెలకి 1,800 రూపాయలు, వారానికి 3 రోజులు. మెషీన్లు లేవు. చాపలు, రబ్బరు బ్యాండ్లు, వేలాడే కడ్డీ, రెండు ఏబీ వీల్స్ (పిడులు పట్టుకుని నేల మీద ముందుకు దొర్లించే చిన్న చక్రాలు), నాలుగు డంబెల్స్, గోడకి ఒక నల్లబల్ల. అంతే.

మొదటి రోజు డెడ్ బగ్ చేయించారు. వెల్లకిలా పడుకుని, చేతులు పైకి చాచి, మోకాళ్లు మడిచి ఎత్తి, కుడి చెయ్యి ఎడమ కాలు ఒకేసారి నేలవైపు దించాలి. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. మాస్టర్ ఒక పల్చటి తువ్వాలు నా నడుం కింద పరిచి, రెండో కొస తన చేతిలో పట్టుకున్నారు. కాలు దించుతుండగా మెల్లగా లాగారు. తువ్వాలు జారి వచ్చేసింది. ఆయనది శ్రీకాకుళం వైపు. ‘ఏటన్నా, నడుం లేచిపోతంది. దీన్ని నన్ను లాగనీకు, అంతే’ అన్నారు. మళ్లీ పరిచారు. నోటితో గాలి మొత్తం వదిలి, పక్కటెముకలు కిందికి దించి, నడుం నేలకి నొక్కాను. కాలు సగమే దించాను. తువ్వాలు కదల్లేదు. అలా ఆరుసార్లు చేసేసరికి పొట్ట లోపల, బొడ్డుకి కింద, ఇన్నేళ్లలో ఎప్పుడూ తెలియని చోట వణుకు పుట్టింది. నడుం చుట్టూ దట్టీ కట్టినట్టు ఒక కండ ఉంటుందట, ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్. ఆ వణుకులో దాని వాటా చాలానే ఉందని మాస్టర్ చెప్పారు.

నల్లబల్ల మీద నాలుగు గళ్లు ఉంటాయి: వంగడం, వంగనివ్వకపోవడం, తిరగనివ్వకపోవడం, ఒరగనివ్వకపోవడం. ఈ క్లాసు మొత్తం అందులోనే ఉంది. వంగడం అంటే క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు మాత్రం లేపడం), కడ్డీకి వేలాడి మోకాళ్లు ఎత్తడం. పైకి కనిపించే పలకల కండ, రెక్టస్ అబ్డామినిస్, దీనితో గట్టిపడుతుంది. వంగనివ్వకపోవడం అంటే ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా కర్రలా నిలపడం), డెడ్ బగ్, తర్వాత ఏబీ వీల్. నడుం కిందికి కుంగిపోకుండా ఆపడమే అక్కడ పని. తిరగనివ్వకపోవడానికి పాలాఫ్ ప్రెస్: పక్కన కట్టిన బ్యాండుని రెండు చేతులతో ఛాతీ దగ్గర పట్టుకుని ముందుకు చాచాలి, బ్యాండు పక్కకి లాగుతున్నా ఒళ్లు తిరగకూడదు. ఒరగనివ్వకపోవడానికి సైడ్ ప్లాంక్, అంటే పక్కకి తిరిగి ఒక్క మోచేతి మీద అలాగే నిలవడం. ప్రతి రోజూ నాలుగు గళ్ల నుంచీ ఒక్కొక్కటి చేస్తాం. నాలుగు వారాలకోసారి గడిలోని వ్యాయామం మారుతుంది, గడి మాత్రం మారదు. మార్చడం కూడా ఊరికే కాదు. ప్లాంక్ 45 సెకన్లు కదలకుండా నిలబెట్టినవాళ్లకే మోకాళ్ల మీద వీల్ ఇస్తారు. ప్రతివాళ్లకీ ఒక నోటుబుక్కు ఉంటుంది, అందులో రాసి ఉంటేనే పై మెట్టు. రోజుకో కొత్త వీడియో చూసి చేసే మార్పుకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

నాకు బాగా నచ్చింది వాటర్ టిన్ నడక. ఒరగనివ్వకపోవడం గడిలో రెండో నెల వస్తుంది. మనందరి ఇళ్లకీ వచ్చే 20 లీటర్ల టిన్ సగం నింపి ఒక్క చేత్తో పట్టుకుని మేడ ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. నీళ్లు లోపల ఊగుతుంటే ఒళ్లు టిన్ వైపు ఒరుగుతుంది, ఆపాలి. భుజాలు రెండూ సమంగా ఉన్నాయో లేదో మాస్టర్ వెనకాల నడుస్తూ చూస్తారు. మూడో నెలకి నిండు టిన్ పట్టుకున్నాను, అంటే 20 కిలోలు. మర్నాడు రెండో చేతి వైపు పక్కటెముకల కింద నొప్పి తెలిసింది, నడుం పక్కల ఉండే కండలు, ఆబ్లిక్స్, పనిచేసిన గుర్తు. ఇప్పుడు ఇంటికి వచ్చే టిన్ నేనే మూడో అంతస్తుకి మోస్తున్నాను.

గీతల సంగతికి వస్తే, మాస్టర్ మొదటి రోజే ముఖం మీద చెప్పేశారు: పొట్ట వ్యాయామం కండని పెంచుతుంది, దాని మీది కొవ్వుని అక్కడికక్కడే కరిగించదు. కొవ్వు తగ్గేది ఒంటి మొత్తం మీద, తిండి తగ్గితే. పలకలు ఎన్ని, సమంగా ఉంటాయా లేదా అన్నది పుట్టుకతో వచ్చేది. ‘45 రోజుల్లో సిక్స్ ప్యాక్’ అన్న బోర్డుల మధ్య ఈ మాట విని ఆయన మీద నమ్మకం కలిగింది. నైట్ షిఫ్టులో పునుగులు మానేశాను, రాత్రి అన్నం సగం చేశాను, గుడ్లు, పెసలు పెంచాను. 78 కిలోల నుంచి 74కి వచ్చాను. నడుం కొలత 38 అంగుళాల నుంచి 36. పై రెండు పలకలు పొద్దుటి వెలుతురులో కనిపిస్తున్నాయి, కిందివి ఇంకా లేవు.

లోపాలూ చెప్పాలి. సముద్రపు గాలికి డంబెల్స్ తుప్పు పట్టాయి, పట్టుకుంటే అరచేయి ఎర్రబడుతుంది. కడ్డీకి రంగు వేయించమని రెండుసార్లు అడిగాం, వేయించలేదు. మే నెలలో రేకుల కింద ఉక్కకి ఉన్న రెండు ఫ్యాన్లూ చాలలేదు, చాప మీద చెమటకి మోచేతులు జారేవి. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. షిఫ్టు వల్ల మానేసిన క్లాసుని రెండో బ్యాచ్‌లో చేసుకోనివ్వరు, నాలాంటి వాళ్లకి ఇది పెద్ద నష్టం. తిండి గురించి చెప్పింది మంచిదే కానీ ఒక్క రోజే చెప్పారు, కాగితం మీద రాసిస్తే బాగుండేది.

మా బ్యాచ్‌లో ఈమధ్యే కాన్పు అయిన ఒకావిడ ఉన్నారు. పొట్ట మధ్య గీత దగ్గర కండలు ఎడం అయ్యాయని ఆవిడకి క్రంచెస్ అసలు ఇవ్వలేదు. ఫిజియోథెరపిస్టుకి చూపించుకుని రమ్మని, వచ్చాక ఊపిరి, డెడ్ బగ్‌లతో మొదలుపెట్టించారు. బీపీ ఉన్నవాళ్లని ఊపిరి బిగబట్టవద్దని ప్రతి సెట్‌కీ గుర్తు చేస్తారు. 1,800కి ఈ శ్రద్ధ తక్కువేమీ కాదు. నా మార్కులు పదికి ఎనిమిది.

ఈ ఏడాది ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచాను. కాళ్లకి బొబ్బలు వచ్చాయి, నడుం పట్టలేదు. మా అమ్మాయి నాతోనే నడిచింది.

చేరాలనుకునేవాళ్లు పొద్దుటి బ్యాచ్‌కి వెళ్లండి, ఎండ ఎక్కకముందే అయిపోతుంది. సొంత చాప, రెండు తువ్వాళ్లు తీసుకెళ్లండి. ఒకటి చెమటకి, ఒకటి నడుం కిందకి.