పాఠానికి పూర్తి మార్కులు, నియామకానికి సగమే: ఒక వేసవి భూగోళ కోర్సుపై సమీక్ష

గత వేసవిలో ఒక విశ్వవిద్యాలయం నడిపిన భౌతిక భూగోళ శాస్త్ర కోర్సులో చేరి, ఒక్క తరగతి కూడా మానకుండా చివరి పరీక్ష దాకా హాజరైన విద్యార్థిగా ఈ సమీక్ష రాస్తున్నాను. బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే వృత్తిలో ఉన్నందువల్ల నాకు పటాలతో రోజూ పని ఉంటుంది కాబట్టి, చదివి ఏళ్ళు గడిచిన విషయాన్ని మళ్ళీ పదును పెట్టుకోవచ్చన్న ఆశతో చేరాను. మామూలు సెమిస్టరులో 15 వారాలపాటు సాగే 45 గంటల పాఠాన్ని ఇక్కడ 6 వారాలకు కుదించారు. అంటే వారానికి ఏడున్నర గంటల పాఠం, దానిపైన ప్రయోగశాల పని. ఫీజును మాత్రం ఏమీ కుదించలేదు.

కోర్సు వివరాల పట్టికలో అధ్యాపకుల పేరు ఉండవలసిన గడిలో 'తర్వాత తెలియజేస్తాం' అన్న మాట తరగతులు మొదలయ్యే మూడు రోజుల ముందు వరకూ అలాగే ఉంది. చివరికి వచ్చినవారు ఆ ఒక్క వేసవి కోసం తీసుకున్న తాత్కాలిక అధ్యాపకురాలు. వేసవి పాఠాలకు తాత్కాలికులను తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. భూగోళ శాస్త్ర విభాగాల్లో చాలామంది శాశ్వత అధ్యాపకులు క్షేత్ర పరిశోధనకు వెళ్ళేది వేసవి సెలవుల్లోనే. పరిశోధన ముగింపు దశలో ఉన్నవారికి సొంతంగా ఒక కోర్సును మొదటినుంచి చివరిదాకా నడిపే అవకాశం దొరికేదీ అప్పుడే. నా అభ్యంతరమంతా తీసుకున్న తీరు మీద. పాఠం చెప్పే గంటలను మాత్రమే లెక్కగట్టి మనిషిని తీసుకున్నారు గానీ, ఆ పాఠం నడవడానికి ఏమేమి కావాలో ఎవరూ లెక్క వేసినట్టు లేదు.

ముందు బాగున్న సంగతి చెప్పాలి. రెండో రోజు మేడమ్ ఒక ప్లాస్టిక్ డబ్బా, నీటికి కరగని బొమ్మల మట్టి, ఒక స్కేలు, ఒక సీసాడు నీళ్ళు వెంట తెచ్చుకున్నారు. మట్టిని రెండు శిఖరాల కొండగా మలిచి డబ్బాలో పెట్టి, ఒక్కొక్క సెంటీమీటరు ఎత్తున నీళ్ళు పోస్తూ, ప్రతిసారీ నీటి అంచు తాకిన చోట పుల్లతో చుట్టూ గీత గీయమని మాకే అప్పగించారు. నీళ్ళు పారబోసి పైనుంచి చూస్తే డబ్బాలో ఉన్నది సాక్షాత్తూ సమోన్నతి రేఖల, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల, పటమే. నిటారుగా ఉన్న వైపు గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, వాలు తక్కువగా ఉన్న వైపు ఎడంగా పరుచుకున్నాయి, రెండు శిఖరాల నడుమ కనుమ దగ్గర ఒక గీత రెండు గీతలుగా విడిపోయింది. 'రేఖలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ' అని నేను పన్నెండేళ్ళుగా పిల్లలచేత బట్టీ పట్టిస్తున్నాను. అది ఎందుకో నా వేళ్ళకు తెలిసింది మాత్రం ఆ రోజే. ఆ వెంటనే నేల ఎత్తుపల్లాలను రేఖలతో చూపే 1:50,000 స్కేలు టోపోషీటు ఒకటి చేతికిచ్చి, ఏరు ఏ దిక్కుకు పారుతోందో నీలిగీత మీద బాణం గుర్తు లేకుండానే చెప్పమన్నారు. లోయను దాటే చోట రేఖలు 'వి' ఆకారంలో వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఏటి పుట్టుక వైపే చూస్తుంది. పదిమందిలో ఏడుగురం తలకిందులుగా చెప్పాం.

పటాల ప్రక్షేపాల గురించి, అంటే గుండ్రని భూమిని చదునైన కాగితం మీదికి దించే పద్ధతుల గురించి చెప్పేటప్పుడు కూడా ఆవిడ పాత దారిన పోలేదు. 1569లో వచ్చిన మెర్కేటర్ ప్రక్షేపంలో గ్రీన్లాండ్ ఆఫ్రికాతో పోటీ పడుతున్నట్టు కనబడుతుందని అందరూ చెబుతారు. ఆవిడ మాత్రం 60 డిగ్రీల అక్షాంశం వద్ద పొడవు రెండింతలు, వైశాల్యం నాలుగింతలు అవుతుందని మాచేత లెక్క కట్టించారు.

ఇక నియామకం సంగతి. ప్రయోగశాలలోని కంప్యూటర్లు తెరవడానికి అధ్యాపకులకు ఉండవలసిన లాగిన్ ఆవిడకు రెండో వారం చివర్లో గానీ అందలేదు. అప్పటిదాకా విభాగం డబ్బు పెట్టి కొన్న పటాల సాఫ్ట్‌వేర్ మూతపడిన గదిలోనే ఉండిపోయింది. మేడమ్ ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌ను మా సొంత లాప్‌టాప్‌లలో వేయించి, 30 మీటర్ల గడులున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను దింపించి పని నడిపించారు. ఒక్కో గడి 900 చదరపు మీటర్ల నేల అని తెలిశాక, మేం కూర్చున్న భవనమంతా మూడు గడులకు మించదని చూసి కొంత నిరుత్సాహపడ్డాం. ఒక సహాధ్యాయి తయారు చేసిన పట్టికలోని ఊళ్ళలో సగం ఆఫ్రికా పశ్చిమ తీరం పక్కన సముద్రంలో పడ్డాయి. పూరించకుండా వదిలేసిన అక్షాంశ రేఖాంశాలను కంప్యూటరు సున్నాలుగా చదువుకోవడమే దానికి కారణం. సున్నా అక్షాంశమూ సున్నా రేఖాంశమూ కలిసే చోటు గినియా సింధుశాఖలో ఉంటుంది. ఆ తప్పు మీద ఆవిడ అరగంట గడిపారు, ఆ అరగంట నాకు చాలా విలువైనదిగా అనిపించింది. ఇవన్నీ ఆవిడ సొంత తెలివితో నెట్టుకొచ్చినవే తప్ప విభాగం సమకూర్చినవి కావు.

నాలుగో వారంలో వెళ్ళవలసిన క్షేత్ర పర్యటన రద్దయింది. విద్యార్థులను బయటికి తీసుకుపోవడానికి శాశ్వత అధ్యాపకుల సంతకం ఉండాలని నిబంధన ఉందట, సంతకం పెట్టగలవారు ఆ సమయంలో అందుబాటులో లేరు. భూగోళ శాస్త్రంలో క్షేత్ర పర్యటన తీసేయడమంటే రసాయన శాస్త్రంలో ప్రయోగశాల తీసేయడమే. నియామక పత్రం రాసేటప్పుడే ఒక వాక్యం చేర్చి ఉంటే సరిపోయేదానికి, మొత్తం తరగతి నష్టపోయింది.

దానికి బదులుగా ఆవరణలోని చదునైన చోట ఒక కర్ర పాతి, పూర్వులు శంకువు అన్న ఆ పద్ధతిలోనే నీడను కొలిపించారు. నీడ అతి పొట్టిగా ఉండే క్షణాన్ని కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి, మధ్యాహ్నానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీడ ఒకే పొడవుకు వచ్చిన వేళలను గుర్తించి, వాటి నడిమి క్షణాన్ని తీసుకోమన్నారు. అది గడియారపు పన్నెండుకు ఎన్ని నిమిషాలు ఎడంగా ఉందో చూసి, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున లెక్క వేస్తే, గడియారపు సమయానికి ఆధారమైన ప్రామాణిక రేఖాంశం నుంచి మనం ఎంత దూరంలో ఉన్నామో తేలుతుంది. ఫిబ్రవరిలోనైతే సూర్యుడు గడియారం కన్నా సుమారు 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబరులో 16 నిమిషాల దాకా ముందుంటాడు. జూన్ నడుమ ఆ తేడా దాదాపు సున్నా కావడం మా పాలిట అదృష్టం. మా జట్టు రెండు నిమిషాలు తప్పింది, అంటే అర డిగ్రీ. భూమధ్యరేఖ మీదైతే అది సుమారు 55 కిలోమీటర్ల పొరపాటు.

లోపాలు ఆవిడ వైపు కూడా లేకపోలేదు. శీతోష్ణస్థితుల భాగాన్ని రెండు తరగతుల్లో పరిగెత్తించారు, కొప్పెన్ వర్గీకరణలోని అయిదు ప్రధాన వర్గాలను తెర మీద చూపి దాటించేశారు, నేలల అధ్యాయం అసలు మొదలే కాలేదు. దిద్దిన పేపర్లు వారం ఆలస్యంగా చేతికొచ్చేవి. పేపర్లు దిద్దే సమయానికి వేతనం లేదని, పాఠాలు తయారు చేసుకునే వ్యవధి మూడు రోజులే దొరికిందని తెలిశాక ఆ ఆలస్యాన్ని ఆవిడ ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పలేదు. నేలల అధ్యాయం పోయినందుకు మాత్రం ఇప్పటికీ కొరతగానే ఉంది.

కోర్సు చివర ఇచ్చిన అభిప్రాయ పత్రంలో పన్నెండు ప్రశ్నలూ అధ్యాపకురాలి గురించే ఉన్నాయి, నియామకం గురించి గానీ ప్రయోగశాల గురించి గానీ ఒక్కటీ లేదు. ఫలితాలు వచ్చాక నా ప్రాజెక్టు మార్కుల్లో ఒక కూడిక తప్పు కనబడి ఆవిడకు మెయిల్ పంపితే, ఆ చిరునామా లేదని తిరిగి వచ్చింది. తరగతులతో పాటే కాంట్రాక్టు ముగిసింది, కాంట్రాక్టుతో పాటే మెయిల్ మూసేశారు. విభాగ కార్యాలయం వారు, ఆ మార్కులు వేసినవారు ఇప్పుడు ఉద్యోగంలో లేరు కాబట్టి సరిచేయడానికి వేరొకరిని నియమించాలని చెప్పారు. తప్పు సరిదిద్దడానికి ఏడు వారాలు పట్టింది.

పాఠానికి అయిదుకు అయిదు, నియామకానికి అయిదుకు రెండున్నర ఇస్తున్నాను. ఇలాంటి వేసవి కోర్సులో చేరాలనుకునేవారు, పట్టికలో పేరు గడి ఖాళీగా ఉంటే, ఫీజు కట్టకముందే విభాగానికి ఫోన్ చేసి క్షేత్ర పర్యటనకు ఎవరు సంతకం పెడతారో, ఫలితాల తర్వాత మార్కుల విషయం ఎవరిని అడగాలో పేర్లతో సహా రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. లాప్‌టాప్ కూడా మీదే తెచ్చుకోండి.